గరాజ్ హీటర్ డైరీ: మంట వెలిగాక మొదలైన పని

పని: 24×24 అడుగుల గరాజ్, సీలింగ్ ఎత్తు 9 అడుగులు, మిషిగన్‌లో డెట్రాయిట్ శివారు. సీలింగ్ నుంచి వేలాడే గంటకు 45,000 బీటీయూల (బీటీయూ వేడిని కొలిచే ప్రమాణం) న్యాచురల్ గ్యాస్ యూనిట్ హీటర్. ఫ్లూలో (పొగ గొట్టంలో) పొగను బయటికి లాగే ఇండ్యూసర్ ఫ్యాను, స్పార్క్‌తో నేరుగా బర్నరు వెలిగే రకం. పైలట్ మంట లేదు. నగరం నుంచి మెకానికల్ పర్మిట్ తీసుకున్నాం. గ్యాస్ పైపు పని లైసెన్సు ఉన్న ఫిట్టరు చేతి మీదుగానే జరిగింది. కొలతలు అక్కడ వాడుకలో ఉన్న లెక్కలోనే రాస్తున్నాం: అంగుళాలు, ఫారెన్‌హీట్, బీటీయూ.

అక్టోబర్ 5. లెక్కలు

హీటర్ కొనకముందే ఇంట్లో గ్యాస్ వాడేవన్నీ కూడాం. ఫర్నేస్ 80,000, వాటర్ హీటర్ 40,000, స్టవ్ 60,000, బట్టల డ్రయర్ 22,000. కొత్తది కలిపితే 2,47,000 బీటీయూలు. గ్యాస్ బిల్లు మీద ఘనపుటడుగుకు 1,030 బీటీయూలని ఉంది కాబట్టి గంటకు 240 ఘనపుటడుగులు. మీటర్ మీద రాసింది 250. సరిపోయింది కానీ అంచు మీద ఉంది. గ్యాస్ సప్లై వాళ్లకు ముందే చెప్పి, కొత్త లోడు నమోదు చేయించాం.

పైపు: మీటర్ నుంచి చివరి పరికరం దాకా పొడవు 50 అడుగులు. అరంగుళం నీటి ఒత్తిడి (గ్యాస్ ఒత్తిడిని అది ఎత్తగల నీటి మట్టంతో కొలుస్తారు) తగ్గుదలను ఒప్పుకునే పట్టికలో 50 అడుగులకు 1 అంగుళం నల్ల ఇనప పైపు గంటకు 284 ఘనపుటడుగులు మోస్తుంది. ముక్కాలంగుళం 151, అరంగుళం 72. ఇంటి ట్రంకు లైను 1 అంగుళమే, దాని జోలికి పోనక్కర్లేదు. గరాజ్ కొమ్మకు అరంగుళం సరిపోతుంది, అయినా ముక్కాలంగుళం వేశాం. తేడా కొన్ని డాలర్లే. ఇక్కడ అందరూ చేసే తప్పు: కొత్త కొమ్మ పొడవు 15 అడుగులే కదా అని పట్టికలో 15 దగ్గర చూడడం. చూడాల్సింది మీటర్ నుంచి మొత్తం దూరం.

గాలి: 1,000 బీటీయూలకు 50 ఘనపుటడుగుల గది కావాలి. మనకు కావాల్సింది 2,250, గరాజ్‌లో ఉన్నది 5,184. బయటి నుంచి ప్రత్యేకంగా గాలి గొట్టం అక్కర్లేదు. కానీ గరాజ్ గోడకు పెద్ద ఎగ్జాస్ట్ ఫ్యాను బిగించి, తలుపులు మూసి తిప్పితే ఈ లెక్క మట్టికొట్టుకుపోతుంది. ఫ్యాను గదిలో గాలి లాగేస్తుంటే ఫ్లూలోంచి పొగ వెనక్కి రావచ్చు.

అక్టోబర్ 12. వేలాడదీయడం

ట్రస్సులకు (కప్పును మోసే చెక్క చట్రాలకు) అడ్డంగా రెండు చెక్కలు బిగించి, వాటి నుంచి నాలుగు 3/8 అంగుళాల మరల కడ్డీలు దించాం. ఒక్కో కడ్డీకి పైనా కిందా నట్టు, మీద లాక్ నట్టు. ఒకే నట్టుతో వదిలేస్తే ఫ్యాను అదురుకు నెల తిరక్కుండా వదులవుతుంది. స్పిరిట్ లెవెల్ పెట్టి రెండు వైపులా సమం చేశాం. హీటర్ అడుగు నేలకు 7 అడుగుల 6 అంగుళాల ఎత్తున వచ్చింది. గరాజ్‌లో నిప్పు పుట్టించేది ఏదైనా నేలకు కనీసం 18 అంగుళాల పైనే ఉండాలన్న నిబంధన పెట్రోలు ఆవిరి కోసం. అది గాలికన్నా బరువు, నేల మీద పాకుతుంది. మన ఎత్తు కారు పైకప్పు కోసం, పైకెత్తిన డిక్కీ తలుపు కోసం. డిక్కీ తెరిచి, టేపు పెట్టి కొలిచాకే చోటు ఖాయం చేశాం.

మాన్యువల్ అడిగిన ఖాళీలు: పైన 1 అంగుళం, ముందు 36, వెనక ఫ్యాను వైపు 18. వెనక ఖాళీ చాలామంది మింగేస్తారు. రేపు మోటరు విప్పాలన్నప్పుడు తెలుస్తుంది ఆ 18 అంగుళాల విలువ.

అక్టోబర్ 13. వెంట్ పైపు

4 అంగుళాల రెండు గోడల బి-వెంట్, నిలువుగా పైకప్పు దాటి బయటికి. అడ్డంగా నడిచేది 3 అడుగులే, అడుగుకు పావు అంగుళం చొప్పున పైకి వాలు. కాలే వస్తువులకు అన్ని వైపులా 1 అంగుళం ఎడం. అటకలో ఇన్సులేషన్ పైపును తాకకుండా రేకు కవచం పెట్టాం. కప్పు వాలు 6/12 (12 అంగుళాల అడ్డానికి 6 అంగుళాల ఎత్తు) లోపే, దగ్గర్లో నిలువు గోడ లేదు కాబట్టి కప్పు మీద 1 అడుగు ఎత్తు చాలింది. టోపీ కంపెనీదే వాడాం. బి-వెంట్ ముక్కలు తిప్పితే లాక్ అవుతాయి, లోపలి గోడకు తగిలేలా స్క్రూ కొట్టకూడదు.

అక్టోబర్ 19. గ్యాస్ పైపు, ఒత్తిడి పరీక్ష

పైనుంచి దిగే పైపు మీద, నేల మీద నిలబడితే చెయ్యి అందే చోట, హీటర్‌కు 6 అడుగుల లోపు షట్‌ఆఫ్ వాల్వ్. తర్వాత యూనియన్ (విప్పి కలిపే జాయింటు), తర్వాత మడ్డి పట్టే కాలు. దీన్ని తప్పుగా అమర్చిన ఇళ్లు ఎన్నో. గ్యాస్ పైనుంచి టీలోకి (T ఆకారపు జాయింటులోకి) దిగాలి. టీ నుంచి నేరుగా కిందికి 3 అంగుళాల నిపుల్ (పొట్టి పైపు ముక్క), దానికి క్యాప్. హీటర్‌కు పోయే దారి టీ పక్క నోట్లోంచి. అప్పుడే గ్యాస్ మలుపు తిరుగుతుంది, బరువైన తుప్పు, లోహపు పొడి మలుపు తిరగలేక కింద పడుతుంది. గ్యాస్ నేరుగా హీటర్‌లోకి దూసుకెళ్లేలా పెట్టి, కాలు పక్కన వేలాడదీస్తే అది అలంకారమే.

మరల మీద గ్యాస్‌కు పనికొచ్చే పేస్ట్ రాశాం, మొదటి రెండు మరలు వదిలి. మొదటి మరల నుంచే పూస్తే ముద్ద లోపలికి పోయి వాల్వ్ జల్లెడలో ఇరుక్కుంటుంది.

పరీక్ష: హీటర్‌ను యూనియన్ దగ్గర విప్పి, పైపుకు క్యాప్ వేసి, గాలి 3 పీఎస్‌ఐ ఎక్కించాం. వాల్వ్ మూస్తే చాలదా అంటే చాలదు. హీటర్ లోపలి గ్యాస్ వాల్వ్ అరపీఎస్‌ఐ దాటిన ఒత్తిడికి కట్టింది కాదు, మూసిన షట్‌ఆఫ్ కాస్త కారినా లోపలి డయాఫ్రం చెడుతుంది. 0 నుంచి 15 పీఎస్‌ఐ గేజ్ వాడాం. 100 పీఎస్‌ఐ గేజ్ మీద 3 దగ్గర చిన్న లీకు కళ్లకు కనబడదు.

ఎనిమిదో నిమిషంలో ముల్లు 2.7కు దిగింది. ప్రతి జాయింటుకూ సబ్బు నురగ పూశాం, ఒక్క బుడగ లేదు. అసలు సంగతి: పైపు గదిలో 62 డిగ్రీలుండగా గాలి ఎక్కించాం, తర్వాత కారు బయటికి తీయడానికి పెద్ద తలుపు ఎత్తారు, పైపు 52కి చల్లబడింది. 10 డిగ్రీలు తగ్గితే 3 పీఎస్‌ఐ దగ్గర దాదాపు 0.34 పోతుంది. లెక్క దాదాపు సరిపోయింది. తలుపు మూసి, గంట ఆగి, మళ్లీ 3కు ఎక్కించి, పది నిమిషాల బదులు అరగంట చూశాం. ముల్లు కదల్లేదు. కంప్రెసర్ నుంచి అప్పుడే వచ్చిన గాలి కూడా వెచ్చగా ఉంటుంది, అది చల్లారే దాకా ఆగకుండా పరీక్ష మొదలుపెడితే ఇదే గందరగోళం. చలి మీద నెపం వేయడమూ తేలికే కాబట్టి, ఉష్ణోగ్రత నిలిచాక మళ్లీ పరీక్షించకుండా “చలి వల్లే” అని మాత్రం రాసుకోకూడదు. ఇన్‌స్పెక్టర్ గేజ్ చూసి సంతకం చేశాడు.

అక్టోబర్ 20. గ్యాస్ వదలడం

హీటర్ కలిపి, యూనియన్ బిగించి, గ్యాస్ వదిలాం. పరీక్షలో లేని జాయింట్లు ఇప్పుడున్నాయి: యూనియన్, దాని తర్వాతి మడ్డి కాలు జాయింట్లు, హీటర్ వాల్వ్ నోరు. అన్నింటికీ సబ్బు నీళ్లు, తర్వాత ఎలక్ట్రానిక్ డిటెక్టర్.

వాసన చాలదా? చాలదు. కొత్త ఇనప పైపు లోపలి గోడలు గ్యాస్‌లో కలిపిన వాసన పదార్థాన్ని కొన్నాళ్లు పీల్చేసుకుంటాయి, లీకున్నా ముక్కుకు తెలియకపోవచ్చు. ఆ వాసన గ్యాస్ సొంతది కాదు. 1937లో టెక్సస్‌లోని న్యూ లండన్ బడిలో వాసన లేని గ్యాస్ పేలి దాదాపు 300 మంది, ఎక్కువగా పిల్లలు, చనిపోయాక వాసన కలపడం చట్టమైంది.

డిటెక్టర్ ఎక్కడ తిప్పాలన్నది కూడా గ్యాస్‌ను బట్టే. మన ఊళ్లలో సిలిండర్ లీకైతే తలుపులు తీసి, నేల దగ్గరి గాలి బయటికి పోయేలా చూడమంటారు. అది ఎల్‌పీజీ, గాలికి ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు, నేలకు దిగుతుంది. న్యాచురల్ గ్యాస్ గాలిలో 0.6 వంతు బరువే, సీలింగ్‌కు ఎక్కుతుంది. కాబట్టి ఇక్కడ డిటెక్టర్ పైన తిప్పాం. పల్లె వైపు ప్రొపేన్ ట్యాంకుతో ఇదే హీటర్ నడిపేవాళ్లు కింద తిప్పాలి. వాళ్లకు ఇంకో మాట: న్యాచురల్ గ్యాస్ హీటర్‌ను కన్వర్షన్ కిట్ లేకుండా ప్రొపేన్‌కు కలపకూడదు. ఘనపుటడుగు ప్రొపేన్‌లో దాదాపు 2,500 బీటీయూలుంటాయి, బర్నరుకు గ్యాస్ వదిలే రంధ్రం మార్చకపోతే మంట బర్నరు దాటి బయటికొస్తుంది.

అక్టోబర్ 26. మొదటి స్టార్ట్

థర్మోస్టాట్ పెంచాక జరగాల్సిన వరుస ఇది. హీటర్ కంట్రోల్ బోర్డు ముందు హై లిమిట్ (వేడి మితిమీరితే ఆపేది), రోలవుట్ (మంట బయటికొస్తే ఆపేది) స్విచ్‌లు మూసి ఉన్నాయో, ప్రెజర్ స్విచ్ తెరిచి ఉందో చూస్తుంది. ఇండ్యూసర్ తిరుగుతుంది. లాగుడు కుదిరి ప్రెజర్ స్విచ్ మూసుకుంటుంది. లోపల మిగిలిన గ్యాస్ పోయేలా కొన్ని సెకన్లు గాలి తోలుతుంది. స్పార్క్, గ్యాస్ వాల్వ్ తెరుచుకోవడం. మంట కనబడితే సరే, లేకపోతే వాల్వ్ మూసి మళ్లీ. బర్నరు వెలిగిన కాసేపటికి పెద్ద ఫ్యాను. మూడుసార్లు విఫలమైతే లాకవుట్, అంటే బోర్డు ఇక ప్రయత్నించదు.

మొదటి మూడు ప్రయత్నాల్లో మంటే రాలేదు. ఇది మామూలే, లైనులో ఇంకా గాలి ఉంది. లాకవుట్ అయ్యాక కరెంటు తీసి, ఐదు నిమిషాలాగి, మళ్లీ పెట్టాం. ఆగకుండా రీసెట్లు కొడితే వెలగని గ్యాస్ ఛాంబర్లో పోగై, చివరికి వెలిగినప్పుడు ఢాం అంటుంది.

ఐదో ప్రయత్నంలో మంట వచ్చింది. నీలంగా, నాలుగు బర్నర్లూ ఒకేసారి. ఏడు సెకన్లలో ఆరిపోయింది. మళ్లీ వెలిగింది, మళ్లీ ఏడు సెకన్లు. లాకవుట్.

గాలి సమస్య కాదిది. మంట ఉంది, బోర్డుకు అది కనబడట్లేదు. మంటలో ఉంచిన కడ్డీకి బోర్డు ఏసీ కరెంటు ఇస్తుంది. మంట ఆ కరెంటును ఒకే దిక్కున ఎక్కువగా పోనిస్తుంది. ఆ చిన్న డీసీ కరెంటు కనబడితే బోర్డు మంట ఉందని నమ్ముతుంది. సెన్సర్ తీగలో మల్టీమీటర్ వరుసగా కలిపి మైక్రోఆంపియర్లు చూశాం: 0. మంచి మంట ఉంటే 1 నుంచి 5 మధ్య రావాలి. సెన్సర్ కడ్డీ కొత్తది, మసి లేదు, మంటలోనే ఉంది. తీగ ఎక్కడా తెగలేదు.

అప్పుడు కరెంటు తీగల వంక చూశాం. అమెరికాలో నల్ల తీగ ఫేజు, తెల్లది న్యూట్రల్. హీటర్ జంక్షన్ బాక్సులో నల్ల తీగ నుంచి ఎర్త్‌కు 0 వోల్టులు, తెల్ల తీగ నుంచి ఎర్త్‌కు 119. ఫేజు, న్యూట్రల్ తిరగబడ్డాయి. బ్రేకర్ ఆపి వెనక్కి వెళ్తే, గరాజ్ పాత జంక్షన్ బాక్సులో ఎవరో ఎప్పుడో నల్లదాన్ని తెల్లదానితో కలిపి టేపు చుట్టి పెట్టారు. బల్బు దాన్ని పట్టించుకోదు, డ్రిల్ మిషన్ పట్టించుకోదు. ఈ బోర్డు పట్టించుకుంటుంది, ఎందుకంటే మంట కరెంటు బర్నరు గుండా ఎర్త్‌కు చేరి, అక్కణ్నుంచి న్యూట్రల్‌కు తిరిగి రావాలి. తీగలు సరిచేశాక 3.2 మైక్రోఆంపియర్లు. మంట నిలిచింది, ఫ్యాను తిరిగింది.

మొదటి అరగంట పెద్ద తలుపు ఎత్తే ఉంచాం. మంట వేడిని గాలికి అందించే కొత్త హీట్ ఎక్స్‌చేంజర్ మీది ఫ్యాక్టరీ నూనె కాలి పొగ, ఘాటు వాసన వస్తాయి. పక్క గదిలో పొగ అలారం మోగింది కూడా. ఆ వాసన రెండో రోజుకూ ఉంటే మాత్రం నూనె అనుకోకూడదు.

అక్టోబర్ 27. అసలు స్టార్టప్

వెచ్చగాలి వస్తోంది కాబట్టి పని అయిపోయిందనుకుని నిచ్చెన మడిచేసే చోటు ఇదే. ఈరోజు కొలతలు.

ఇన్‌లెట్ ఒత్తిడి: 1/8 అంగుళం ట్యాప్‌కు మానోమీటర్ (ఒత్తిడి కొలిచే మీటర్) పెట్టాం. అన్నీ ఆఫ్ ఉన్నప్పుడు 7.4 అంగుళాల నీటి ఒత్తిడి. ఫర్నేస్, వాటర్ హీటర్, స్టవ్, డ్రయర్ అన్నీ ఒకేసారి వెలిగించాక 6.6. పైపు చాలకపోతే ఇక్కడే పడిపోయేది.

మేనిఫోల్డ్ ఒత్తిడి (బర్నర్లకు అందే గ్యాస్ ఒత్తిడి): హీటర్ వివరాల ప్లేట్ మీద 3.5 అంగుళాలు, వచ్చింది 3.1. సర్దే ముందు మీటర్‌తో సరిచూశాం. మిగతా పరికరాలన్నీ ఆపి, మీటర్ మీది 2 ఘనపుటడుగుల ముల్లు ఒక చుట్టు తిరగడానికి ఎంత పడుతుందో చూశాం: 175 సెకన్లు. 2 ను 3,600తో గుణించి 175తో భాగిస్తే గంటకు 41.1 ఘనపుటడుగులు, 1,030తో గుణిస్తే సుమారు 42,400 బీటీయూలు. వాల్వ్ టోపీ కింద స్క్రూను సవ్యదిశలో కొద్దికొద్దిగా తిప్పి 3.5కు తెచ్చాం. ముల్లు చుట్టుకు 165 సెకన్లు, 44,900 బీటీయూలు. మానోమీటర్, మీటర్ రెండూ ఒకే మాట చెప్పాయి. ఒకవేళ మానోమీటర్ 3.5 చూపి, మీటర్ 50,000 చూపి ఉంటే స్క్రూ తిప్పి దించడం కాదు, ఆపేసి రంధ్రం సైజు చూడాలి.

ఉష్ణోగ్రత పెరుగుదల: లోపలికెళ్లే గాలి 52, బయటికొచ్చేది 107. తేడా 55. ప్లేట్ 40 నుంచి 70 వరకూ ఒప్పుకుంటుంది. థర్మామీటర్‌ను ఎక్స్‌చేంజర్ ఎదురుగా పెట్టకూడదు, గాలి వేడి బదులు లోహం సెగను చదువుతుంది.

ఫ్లూ గ్యాస్: ఆక్సిజన్ 9 శాతం, కార్బన్ మోనాక్సైడ్ 28 పీపీఎం (పది లక్షల్లో 28 వంతులు). కలిసిన గాలిని తీసేసి లెక్కిస్తే 49. అనుమతి 400 దాకా ఉన్నా, 100 దాటితే మేం ఒప్పుకోం, కారణం వెతుకుతాం.

సేఫ్టీల పరీక్ష: మంట ఉండగా ప్రెజర్ స్విచ్ రబ్బరు గొట్టం పీకితే బర్నరు వెంటనే ఆరింది. మాన్యువల్ చెప్పిన పద్ధతిలో ఫ్యాను గాలి అడ్డగిస్తే హై లిమిట్ బర్నరు ఆపి, చల్లారాక తనే మళ్లీ మూసుకుంది. షట్‌ఆఫ్ వాల్వ్ మూస్తే మంట ఆరి, ప్రయత్నాలన్నీ అయ్యాక లాకవుట్‌కు పోయింది. రోలవుట్ స్విచ్ చేత్తో నొక్కి రీసెట్ చేసే రకం. అది ఎప్పుడైనా తెగిపడితే నొక్కి మర్చిపోవద్దు. మంట బర్నరు పెట్టె నోట్లోంచి బయటికొచ్చిందని అర్థం. ఎక్స్‌చేంజర్ మూసుకుపోయిందా, ఫ్లూ మూసుకుపోయిందా తేలేదాకా హీటర్ ఆపే ఉంచాలి.

నవంబర్ 9. గాలి ఎటు పోతోంది

సీలింగ్ దగ్గర 71 డిగ్రీలు, నేల మీద 49. వేడంతా అటక కింద కూర్చుంటోంది. హీటర్ నోటి దగ్గర గాలిని మళ్లించే రెక్కలు సూటిగా ఉన్నాయి. పై మూడు రెక్కలు కిందికి 30 డిగ్రీలు వంచాం, పూర్తిగా మూయలేదు. మూస్తే గాలి తగ్గి హై లిమిట్ తెగిపడుతుంది. గంట తర్వాత 64, 55.

కార్బన్ మోనాక్సైడ్ అలారం గరాజ్‌లో పెట్టలేదు. కారు స్టార్ట్ చేసిన ప్రతిసారీ మోగుతుంది, చలికి సెన్సర్ చెడుతుంది. ఇంట్లో, గరాజ్ తలుపు అవతల ఒకటి, పడగ్గదుల బయట ఒకటి పెట్టాం. ఇలాంటి అలారాలు 70 పీపీఎం దగ్గర గంట నుంచి నాలుగు గంటల్లోపు, 400 దగ్గర 4 నుంచి 15 నిమిషాల్లో మోగేలా చేస్తారు. కాబట్టి తలనొప్పి, వికారం అందరికీ ఒకేసారి వస్తే అలారం కోసం ఎదురుచూడకుండా బయటికి నడవాలి, అక్కణ్నుంచే 911కు ఫోన్ చేయాలి.

క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్, పెయింట్ తీసే ద్రావకాలు గరాజ్‌లోంచి తీసేశాం. వాటి ఆవిరి మంటలో పడి ఆమ్లమవుతుంది, ఎక్స్‌చేంజర్‌ను తినేస్తుంది. పెట్రోలు క్యాన్, బార్బిక్యూ సిలిండర్ బయటి షెడ్డుకు వెళ్లాయి.

డిసెంబర్ 21. చలి ముదిరాక లాకవుట్

బయట మైనస్ 2 ఫారెన్‌హీట్. హీటర్ రాత్రంతా ఆఫ్, గరాజ్‌లో 24. పొద్దున్నే పెడితే ఇండ్యూసర్ తిరుగుతోంది, స్పార్క్ రావట్లేదు. బోర్డు లైటు చెప్పింది: ప్రెజర్ స్విచ్ మూసుకోవట్లేదు.

ఇక్కడ చాలామంది చేసే పని స్విచ్ రెండు తీగలూ కలిపేయడం. హీటర్ వెలుగుతుంది, నిజమే. ఫ్లూ మూసుకుపోయిన రోజున కూడా వెలుగుతుంది. మేం కలపలేదు.

వెంట్ టోపీ చూశాం, మంచు పట్టలేదు. రబ్బరు గొట్టం మధ్యలో కిందికి జారి, చిన్న ఉయ్యాలలా వేలాడుతోంది. వేళ్లతో నొక్కితే అక్కడ గట్టిగా తగిలింది. ఫ్లూ తేమ గొట్టంలోకొచ్చి, ఉయ్యాల అడుగున అర స్పూన్ నీళ్లు నిలిచి, గడ్డకట్టాయి. గొట్టం విప్పి, కరిగించి, ఊది, 3 అంగుళాలు కత్తిరించి, స్విచ్ నుంచి ఇండ్యూసర్ వైపు ఒకటే వాలుగా బిగించాం. మొదటి ప్రయత్నంలోనే వెలిగింది.

దీంతో ఇంకో అలవాటు కూడా మారింది. హీటర్‌ను పూర్తిగా ఆపకుండా థర్మోస్టాట్ 45కి దించి వదులుతున్నాం. 40 కంటే చల్లటి గాలి ఎక్స్‌చేంజర్ మీదుగా పోతుంటే లోపల పొగలోని ఆవిరి నీరుగా మారి, లోహాన్ని లోపల్నుంచి తుప్పు పట్టిస్తుంది. గ్యాస్ కొంచెం ఎక్కువే కాలుతుంది.

జనవరి 11. తనిఖీ

మంట కరెంటు 3.1. మేనిఫోల్డ్ 3.5. గాలి తేడా 56. మడ్డి కాలు షట్‌ఆఫ్ మూసి విప్పితే చిటికెడు ఇనప పొడి, పేస్ట్ తునక ఒకటి. తిరిగి బిగించి, సబ్బు నీళ్లు పూశాం, బుడగ లేదు. ఫ్యాను రెక్కల మీద జిప్సమ్ దుమ్ము పట్టింది, పక్క గదిలో గోడ గరుకు కాగితంతో రుద్దిన వారం అది. బ్రష్‌తో తుడిచి, సెన్సర్ కడ్డీని సన్నటి ఎమరీ గుడ్డతో ఒకసారి తోమాం: 3.4. ఈ అంకెలు మార్కర్‌తో హీటర్ ప్యానెల్ లోపలి వైపు రాసి పెట్టాం, తేదీతో సహా. వచ్చే అక్టోబర్‌లో మొదటి స్టార్ట్‌కు ముందు చూడాల్సింది టోపీలో పిట్ట గూడు.